20 నెలలొచ్చినా నడక లేదు, మాట లేదు: కారణం ఎక్కడ వెతకాలి?

అమ్మా, మీరు రాసినదంతా నిదానంగా చదివాను. బాబుకి 20 నెలలు. పట్టుకుని నిలబడతాడు గానీ నడవడు. కూర్చోవడమే 11వ నెల దాటాక వచ్చింది. ‘అమ్మ’, ‘తాత’ లాంటి మాట ఒక్కటీ ఇంకా లేదు. బరువు 9.2 కిలోలు, పొడవు 74 సెంటీమీటర్లు. నెలలు నిండి మామూలు కాన్పులోనే పుట్టాడు, కానీ పుట్టగానే ఏడవలేదని, వీపు మీద రుద్దాక ఏడ్చాడని చెప్పారు. పచ్చకామెర్లు నెల దాటినా పూర్తిగా పోలేదు. పసితనంలో అస్సలు ఏడ్చేవాడు కాదు, పాలకి కూడా లేపాల్సి వచ్చేది. ఇప్పటికీ మూడు నాలుగు రోజులకి గానీ విరేచనం కాదు. మీరు మేనమామ కొడుకుని చేసుకున్నారు. ‘మేనరికం వద్దని ఆ రోజే చెప్పాను’ అని మీ అత్తగారు అంటున్నారు, ‘కాన్పు చేసిన ఆసుపత్రిదే తప్పు’ అని మీ ఆయన అంటున్నారు. ఒక డాక్టరు ఆగి చూద్దామన్నారు, ఇంకొకరు బుద్ధిమాంద్యం అన్నారు. అసలు కారణం ఏమిటి, రెండో బిడ్డకీ ఇలాగే అవుతుందా అన్నది మీ ప్రశ్న.

నేను పిల్లల డాక్టరుని. ఎదుగుదల వెనకబడిన పిల్లలతోనే నా పని ఎక్కువ. బిడ్డని చూడకుండా జబ్బు పేరు తేల్చి చెప్పడం తప్పు, ఆ పని చేయను. కానీ మీరు రాసిన వివరాలు ఒక వైపు గట్టిగా వేలు చూపిస్తున్నాయి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు, రేపు పొద్దున్నే బాబుకి థైరాయిడ్ పరీక్ష చేయించండి. టీఎస్‌హెచ్ (గ్రంథిని పనిచేయమని మెదడు పంపే సంకేతం) ఒక్కటే కాదు, ఫ్రీ టీ4 (గ్రంథి తయారుచేసే హార్మోన్) కూడా కలిపి. ఏ ఊళ్లోనైనా ఉన్న ల్యాబులో అయ్యే పరీక్షే ఇది. దీనికి పరగడుపున ఉంచాల్సిన పని లేదు.

ఎందుకంటే, పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి సరిగ్గా తయారుకాని బిడ్డ, లేదా గ్రంథి ఉన్నా హార్మోన్ తయారుచేయలేని బిడ్డ, దాదాపు మీరు వర్ణించినట్టే ఉంటుంది. ఎక్కువ నిద్ర, తక్కువ ఏడుపు, ఏడ్చినా కాస్త బొంగురు గొంతు, మలబద్ధకం, ఎంతకీ తగ్గని కామెర్లు, బొడ్డు ఉబ్బి ఉండటం, పొడి చర్మం, నోట్లో పట్టనట్టుండే నాలుక, మాడు పూడకుండా మెత్తగా ఉండిపోవడం. ఇవన్నీ ఉండాలని లేదు. అసలు పుట్టినప్పుడు ఇలాంటి బిడ్డల్లో చాలామంది మామూలుగానే కనిపిస్తారు, తల్లి నుంచి వచ్చిన హార్మోన్ కొన్నాళ్లు కాపాడుతుంది. పైగా మన ఇళ్లలో ఏడవని బిడ్డని అందరూ మెచ్చుకుంటారు. ‘చాలా బుద్ధిమంతుడండీ, రోజంతా పడుకునే ఉంటాడు’ అని తల్లి మురిపెంగా చెబుతుంటే నాకు గుండె జారుతుంది. పాలకి రోజూ లేపాల్సి వస్తున్న పసిబిడ్డని ఎవరైనా ఒకసారి పరీక్ష చేసి చూడాలి.

రెండో ఆధారం మీరిచ్చిన కొలతల్లో ఉంది. ఈ వయసు మగపిల్లల సగటు పొడవు 84 సెంటీమీటర్లు. 78కి తక్కువైతే పొట్టిగా ఉన్నట్టు లెక్క. మీ బాబు 74 దగ్గర ఉన్నాడు, అంటే చాలా కింద. బరువు మాత్రం అంత పడిపోలేదు, 9.2 అంటే ఎదుగుదల చార్టులో ‘తక్కువ బరువు’ మొదలయ్యే గీతకి దగ్గర్లోనే ఉంది. తిండి చాలని బిడ్డకి మొదట తగ్గేది బరువు, ఎముకల పెరుగుదల ఆ తర్వాత ఆగుతుంది. హార్మోన్ లోపంలో ఇది తిరగబడుతుంది. పొడవు ఆగిపోతుంది, బిడ్డ మాత్రం బొద్దుగానో మామూలుగానో కనిపిస్తాడు. అందుకే ‘బాగానే ఉన్నాడు కదా’ అని చుట్టాలు, ఒక్కోసారి డాక్టర్లు కూడా తూకం చూసి సరిపెట్టుకుంటారు. పొడవు కొలవకుండా ఏ బిడ్డ ఎదుగుదల గురించీ ఏమీ చెప్పలేం. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, నిలబెట్టి కాదు. కొలతలో తేడా రాకుండా ఇంకోసారి కొలిపించండి, తల చుట్టుకొలత కూడా రాయించండి.

ఇది అరుదైన జబ్బేం కాదు. మన దేశంలో వేయి నుంచి పదిహేడు వందల కాన్పులకి ఒక బిడ్డ చొప్పున కనిపిస్తోంది. బుద్ధిమాంద్యానికి ఉన్న కారణాల్లో ముందే కనిపెడితే పూర్తిగా ఆపగలిగినవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే అని వైద్య విద్యార్థులకి మొదటి రోజుల్లోనే నేర్పిస్తారు. పుట్టిన మూడో రోజు అటూ ఇటూ కాలి మడమ నుంచి రెండు మూడు రక్తపు చుక్కలు ఒక అట్ట మీద తీసి పంపితే చాలు. రెండు వారాల్లోపు మాత్ర మొదలైతే ఆ బిడ్డ అందరిలాగే బడికెళ్లి చదువుకుంటుంది. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ పరీక్ష ఇప్పటికీ అన్ని ఆసుపత్రుల్లోనూ జరగడం లేదు. చాలామంది తల్లిదండ్రులకి ఇలాంటిది ఒకటుందనే తెలియదు. వాళ్లు అడగలేదని నేను తప్పు పట్టను, అడగకుండానే చేయాల్సిన పరీక్ష ఇది.

మీకు కష్టమైన మాట కూడా ఒకటి చెప్పాలి. మెదడు కట్టుబడే మొదటి మూడేళ్లలో, ముఖ్యంగా మొదటి నెలల్లో, ఈ హార్మోన్ చాలా అవసరం. 20 నెలల దాకా అందకపోయి ఉంటే కొంత నష్టం నిలిచిపోవచ్చు. ఎంత అన్నది లోపం ఎంత తీవ్రంగా ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. గ్రంథి కొంచెమైనా పనిచేస్తున్న పిల్లలు చాలావరకు కోలుకుంటారు. మందు మొదలుపెట్టాక పొడవు చురుగ్గా పెరగడం, కండరాల్లో పట్టు రావడం, మలబద్ధకం తగ్గడం దాదాపు అందరిలోనూ చూస్తాం. ఇంకొకటి కూడా జరుగుతుంది: అంతవరకూ బొమ్మలా కూర్చున్న బిడ్డ అల్లరి మొదలుపెడతాడు, నిద్ర తగ్గుతుంది, అరుస్తాడు. ‘మందు పడలేదు సార్, మొండివాడయ్యాడు’ అని కొందరు తల్లులు భయపడి మాత్ర ఆపేస్తారు. ఆపకండి. ఆ అల్లరి మంచి లక్షణమే.

మాత్ర వేసే పద్ధతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. మోతాదు బిడ్డ బరువుని బట్టి డాక్టరు రాస్తారు, పెద్దవాళ్ల మాత్ర ఇంట్లో ఉందని ముక్క చేసి వేయకూడదు. పొద్దున్నే మాత్రని రెండు చెంచాల మధ్య నలిపి, నాలుగైదు చుక్కల నీళ్లలోనో పాలలోనో కలిపి వెంటనే పట్టాలి. పాలసీసాలో కలిపితే సగం సీసాలోనే ఉండిపోతుంది. ఐరన్, క్యాల్షియం సిరప్‌లు ఉంటే నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. మొదట నెలలోపు, తర్వాత మూడేళ్లు వచ్చేదాకా రెండు మూడు నెలలకోసారి రక్త పరీక్ష చేసి మోతాదు మారుస్తూ ఉండాలి. గ్రంథి స్కానింగ్ చేయిస్తే కారణం తెలుస్తుంది, మంచిదే. కానీ స్కానింగ్ కోసం మందు ఆపి కూర్చోవద్దు.

థైరాయిడ్ మామూలుగా వస్తే? అప్పుడు వెతకడం ఇంకా ఉంది. నేను ఎప్పుడూ పాటించే వరుస ఒకటే: బాగుచేయగలిగిన కారణాలు ముందు, పేరు మాత్రమే తెలుసుకోగలిగినవి తర్వాత. ఖరీదైన జన్యు పరీక్ష ముందు రాయించుకుని, వినికిడి పరీక్ష చేయించని పిల్లలు నా దగ్గరకి ఎందరో వస్తుంటారు.

వినికిడి అన్నాను కదా. పళ్లెం చప్పుడుకి తిరుగుతాడు కాబట్టి చెవులు బాగున్నాయి అనుకోవద్దు. కొన్ని రకాల ధ్వనులే వినపడి, మాటలు వినపడని పిల్లలుంటారు. ఓఏఈ, బెరా అనే పరీక్షలు బిడ్డ నిద్రపోతుండగానే చేస్తారు, నొప్పి ఉండదు. చెవుడు ఉన్న బిడ్డ మాట నేర్వలేక మందబుద్ధిలా కనిపిస్తుంది. చెవి మిషన్ పెట్టాలన్నా, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ కావాలన్నా వయసు చాలా ముఖ్యం. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ చిన్న వయసు పిల్లలకే చేస్తారు, వయసు దాటాక వెళ్తే ప్రయోజనమూ తక్కువే.

తర్వాత రక్తం. ఐరన్ లోపం మన పిల్లల్లో ఎంత మామూలంటే, దాన్ని లోపంగానే ఎవరూ చూడరు. అది ఒక్కటే 20 నెలల నడక ఆపదు గానీ చురుకుదనాన్ని తగ్గిస్తుంది. బీ12 లోపం వేరు. తల్లికి బీ12 తక్కువగా ఉండి, ఏడాది దాటినా ఎక్కువగా తల్లిపాల మీదే ఉన్న బిడ్డలు పాలిపోయి, వేళ్ల కణుపులు నల్లబడి, జుట్టు పలచబడి గోధుమరంగుకి తిరిగి, అంతకుముందు వచ్చిన నవ్వు, కూర్చోవడం కూడా పోగొట్టుకుంటారు. కొందరికి చేతులు వణుకుతాయి. బీ12 ఇంజక్షన్లు మొదలయ్యాక కొద్ది రోజుల్లోనే బిడ్డ మళ్లీ ముఖం చూసి నవ్వుతుంది. పాలు మాన్పించమని నా ఉద్దేశం కాదు. ఆరు నెలలు దాటాక పప్పన్నం, గుడ్డు, పెరుగు, నెయ్యి కలిపి పెట్టాలి, తల్లికీ పరీక్ష చేసి మందివ్వాలి. బాబుతో పాటు మీరూ హిమోగ్లోబిన్, బీ12 చూపించుకోండి.

ఇక ‘ఉలికిపాట్లు’. ఇది అందరూ తెలుసుకోవాలి. మూడో నెల నుంచి ఏడాదిలోపు కొందరు పిల్లలు నిద్ర లేవగానే వరుసగా ఉలిక్కిపడతారు. తల, చేతులు ఒక్కసారి ముందుకు ముడుచుకుని మళ్లీ వదిలేస్తారు. అలా పదీ ఇరవైసార్లు వరుసగా వస్తుంది. కడుపునొప్పి అనుకుంటారు, దిష్టి తీస్తారు. అది ఒక రకం మూర్ఛ. ఆ వేళ నుంచి బిడ్డ నేర్చుకున్నదంతా వెనక్కి పోతుంది. ఎంత త్వరగా హార్మోన్ మందు, లేదా దానికి తగిన ఇతర మందు మొదలైతే అంత మేలు. ఇందులో వారాలు కూడా లెక్కే. మీ బాబుకి అలాంటివి ఎప్పుడైనా వచ్చాయేమో గుర్తు చేసుకోండి. ఎవరి బిడ్డకైనా అనుమానం ఉంటే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి, మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష తీయించండి.

మీ ఆయన ఆసుపత్రి గురించి అడిగినదానికి వస్తాను. పుట్టగానే ఏడవని బిడ్డలు చాలామంది ఉంటారు. తుడిచి, రుద్దితే నిమిషంలోపు ఏడ్చి, మొదటి రోజే రొమ్ము పట్టిన బిడ్డ మెదడు అక్కడ దెబ్బతినిందని చెప్పలేం. ఆక్సిజన్ అందక మెదడు నిజంగా దెబ్బతింటే అది మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది: ఫిట్స్ వస్తాయి, పాలు మింగలేరు, ఎన్‌ఐసీయూలో ఉంచాల్సి వస్తుంది. ఆ తర్వాత నెలల్లో కాళ్లు బిగుసుకోవడం, మునివేళ్ల మీద నిలబడటం కనిపిస్తుంది. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు. ఎదగని ప్రతి బిడ్డకీ కాన్పునే కారణంగా చూపడం మనకి అలవాటైపోయింది. దానివల్ల జరిగే పెద్ద నష్టం, అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోవడం.

కాన్పు తర్వాతి రోజుల్లో మెదడుకి జరిగే హాని మాత్రం మన దగ్గర నిజంగానే ఎక్కువ, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి మొదటి రెండు రోజులు పాలు సరిగ్గా అందకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. చూపుకి సంబంధించిన మెదడు వెనక భాగం దెబ్బతింటుంది, తర్వాత ఫిట్స్ వస్తాయి. పాలు పడలేదని తేనె నాకించి, పంచదార నీళ్లు పట్టి ఊరుకుంటే ఆ లోటు తీరదు. గంటలోపు రొమ్ముకి పెట్టడం, చాలకపోతే పిండిన తల్లిపాలు పట్టడం, చక్కెర కొలవడం చేయాలి. కామెర్లు మరీ ఎక్కువైనా మెదడులోకి దిగుతాయి. ఒంటి పసుపు అరికాళ్ల దాకా వచ్చిందంటే పొద్దుటి ఎండలో పడుకోబెట్టి ఆగకూడదు, రక్తంలో ఎంత ఉందో చూసి నీలి లైటు కింద పెట్టాలి. మీ బాబుకి కామెర్లు అంత ఎక్కువగా లేవు, ఎక్కువ రోజులు ఉన్నాయి. రెండూ వేరు. రెండు వారాలు దాటిన కామెర్లు థైరాయిడ్‌నీ, కాలేయాన్నీ గుర్తుచేయాలి.

నెలలు నిండకుండా పుట్టడం, మెదడువాపు, మెనింజైటిస్, తలకి దెబ్బ, ఇవీ కారణాలే. మీ బాబుకి వర్తించవు కాబట్టి వదిలేస్తున్నాను.

మేనరికం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మీ ఇంట్లో గొడవ అక్కడుంది కదా. మనందరి ఒంట్లో పనిచేయని జన్యువులు కొన్ని దాగి ఉంటాయి. జతలో రెండోది మంచిది కాబట్టి మనకేం కాదు. భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే పాడైన జన్యువు ఉండి, బిడ్డకి రెండూ చేరితేనే జబ్బు. అది ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. పరాయి సంబంధంలో ఇద్దరికీ ఒకే జన్యువు పాడై ఉండటం అరుదు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు ఒకే తాతా నాయనమ్మల నుంచి వచ్చినవాళ్లు కాబట్టి వాళ్ల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకటే. మేనమామ మేనకోడలిని చేసుకుంటే అది నాలుగో వంతు. ఏ దంపతులకైనా నూటికి రెండు మూడు కాన్పుల్లో బిడ్డకి పెద్ద లోపం రావచ్చు. మేనబావ మరదళ్ల పెళ్లిలో అది దాదాపు రెట్టింపవుతుంది. అంటే నూటికి తొంభై నాలుగైదుగురు బాగానే పుడతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి సంబంధాలే. కొత్తగా సంబంధం చూసుకునేవాళ్లకి మేనరికం వద్దనే చెబుతాను, మొహమాటం లేకుండా చెబుతాను. కానీ పెళ్లయిపోయి బిడ్డ ఒళ్లో ఉన్న మీకు ఆ మాట ఏ పనికీ రాదు. పైగా అలాంటి జబ్బయితే ఒక జన్యువు మీ నుంచి, ఒకటి మీ ఆయన నుంచి వచ్చినట్టే. మీ అత్తగారికి ఇది చూపించండి, కోపంగా కాదు, మనవడి మీద ఆమెకి దిగులు ఉంది కాబట్టే ఆ మాట అంటున్నారు.

మేనరికంతో సంబంధం లేని జన్యు కారణాలూ చాలా ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉంటుంది. తల్లి వయసు 35 దాటితే అవకాశం పెరుగుతుంది, కానీ కాన్పులు ఎక్కువగా చిన్న వయసులోనే జరుగుతాయి కాబట్టి ఈ పిల్లల్లో ఎక్కువమంది తల్లులు చిన్నవాళ్లే. ముఖం, కళ్లు, అరచేతి గీత చూసి అనుమానం వస్తే క్రోమోజోమ్‌లని లెక్కపెట్టే క్యారియోటైప్ పరీక్ష చాలు. వాళ్లలోనూ థైరాయిడ్ లోపం, గుండె రంధ్రం, వినికిడి లోపం ఎక్కువ కాబట్టి అవి విడిగా చూడాలి. మగపిల్లల్లో ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు లోపం ఒకటుంది, తల్లి వైపు మేనమామల్లో ఎవరైనా చదువు రాక, మాట తేడాగా ఉంటే దాని గురించి అడుగుతాం. ఏ పోలికా అందకపోతే క్రోమోజోముల్లో చిన్న చిన్న ముక్కల తేడాలు వెతికే క్రోమోజోమల్ మైక్రోఅర్రే, ఆ తర్వాత జన్యువుల్ని అక్షరం అక్షరం చదివే ఎక్సోమ్ పరీక్ష. ఇవి ఖరీదైనవి, ఏవి అవసరమో జన్యు వైద్యులే చెప్పాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది, సీడీఎఫ్‌డీలోనూ ఈ పరీక్షలు చేస్తారు. మెదడు ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. తల మరీ చిన్నగానో పెద్దగానో ఉంటే, ఫిట్స్ ఉంటే, కాళ్లూ చేతులూ బిగుసుకుంటే తీయించాలి.

గర్భంలో ఉండగా మీరు చేసిన తప్పేమైనా ఉందా అని కూడా అడిగారు. గ్రహణం రోజు కూరగాయలు కోస్తేనో, మెట్లు ఎక్కితేనో బిడ్డ మెదడుకి ఏమీ కాదు. గర్భంలో నిజంగా హాని చేసేవి వేరే ఉన్నాయి. మొదటి మూడు నెలల్లో రుబెల్లా సోకడం, కొన్ని మూర్ఛ మందులు, మద్యం, తల్లికి చికిత్స లేని థైరాయిడ్ లోపం, అయోడిన్ చాలకపోవడం. అయోడిన్ సంగతి మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా గుర్తుండాలి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల్లోని కాంగ్రా లోయలో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. ఆ ఊళ్లలో గొంతు వాచినవాళ్లు, వాళ్లతో పాటు చెవుడు, మందబుద్ధితో పుట్టిన పిల్లలు ఎక్కువ. కొన్ని ప్రాంతాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నింటికి మామూలు ఉప్పు ఇచ్చి చూస్తే అయోడిన్ ఉప్పు తిన్నచోట గొంతు వాపులు బాగా తగ్గాయి. 1962లో వచ్చిన జాతీయ గాయిటర్ (గొంతు వాపు) నియంత్రణ కార్యక్రమానికి అదే పునాది. అంత కష్టపడి సాధించిన దాన్ని ఇప్పుడు ‘ఆరోగ్యానికి మంచిది’ అని సైంధవ లవణం, ముడి గళ్లుప్పు తెచ్చుకుని మనమే వదులుకుంటున్నాం. గర్భిణి ఉన్న ఇంట్లో, చిన్నపిల్లలున్న ఇంట్లో అయోడిన్ ఉప్పే వాడండి. ఉప్పు ఎంత తక్కువ తిన్నా సరే, ఆ కొంచెం అయోడిన్ ఉన్నదే కావాలి.

‘బుద్ధిమాంద్యం’ అని మీకు చెప్పిన డాక్టరు ఏ ఉద్దేశంతో అన్నారో గానీ, 20 నెలలకి ఆ ముద్ర వేయకూడదు. తెలివి పరీక్షలో ఐక్యూ 70 లోపు ఉండి, దాంతో పాటు తినడం, బట్టలు వేసుకోవడం, నలుగురితో మెలగడం లాంటి రోజువారీ పనుల్లో కూడా వెనకబడితేనే ఆ మాట. ఐదేళ్లలోపు ఐక్యూ నమ్మకంగా కొలవలేం. నడక, మాట, చేతిపని లాంటి వాటిలో రెండు మూడింట్లో బాగా వెనకబడితే ‘ఎదుగుదలలో ఆలస్యం’ అని రాస్తాం, కారణం వెతుకుతాం, శిక్షణ మొదలుపెడతాం. కొందరు పుంజుకుంటారు, కొందరికి తర్వాత మేధో వైకల్యం అని నిర్ధారణ అవుతుంది. అయినా అందులో ఎక్కువమందికి ఉండేది స్వల్ప స్థాయే. పెద్దయ్యాక తమ పని తాము చేసుకుని, ఒక పని నేర్చుకుని బతకగలరు.

అలాగని ‘ఆగి చూద్దాం’ అన్నదీ ఒప్పుకోను. మూడు నెలలకి ముఖం చూసి నవ్వకపోయినా, ఐదు నెలలకి మెడ నిలవకపోయినా, పది నెలలకి కూర్చోకపోయినా, 18 నెలలకి నడవకపోయినా, రెండేళ్లకి రెండు మాటలు కలపకపోయినా చూపించాలి. నెలలు నిండని పిల్లలకి ఎన్ని వారాలు ముందు పుట్టారో అంత తగ్గించి లెక్క వేయాలి. వచ్చింది పోతే మాత్రం ఏ వయసులోనైనా ఆ వారమే వెళ్లాలి. ‘వాళ్ల నాన్నా లేటుగానే మాట్లాడాడు’ అన్నది ఒక్క మాట విషయంలో, మిగతాదంతా చురుగ్గా ఉన్న బిడ్డ విషయంలో ఒక్కోసారి నిజమవుతుంది. నడక, మాట, పొడవు మూడూ ఆగిన బిడ్డకి అది వర్తించదు.

పొడవు ఒక్కటే తక్కువై, ఆటా మాటా అన్నీ వయసుకి తగ్గట్టు ఉన్న పిల్లల సంగతి పూర్తిగా వేరు. తల్లిదండ్రులు పొట్టివాళ్లవడం, పదేపదే విరేచనాలు, రక్తహీనత, మూత్రపిండాల జబ్బు, ఆడపిల్లల్లో టర్నర్ సిండ్రోమ్, గ్రోత్ హార్మోన్ లోపం, ఇలా చాలా ఉంటాయి. నాలుగేళ్లు దాటిన బిడ్డ ఏడాదికి ఐదు సెంటీమీటర్లయినా పెరగకపోతే చూపించాలి. వాళ్ల తెలివికి ఏ లోటూ ఉండదు.

పరీక్షల ఫలితాలు వచ్చేదాకా శిక్షణ ఆపాల్సిన పని లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రాలు ఉన్నాయి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, వినికిడి పరీక్ష ఒకేచోట, ఉచితంగా. మీ అంగన్‌వాడీ టీచరుని గానీ ఆశా కార్యకర్తని గానీ అడిగితే పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ, నీపిడ్, పసిపిల్లలకి కూడా పరీక్ష చేసి ఇంట్లో ఏం చేయించాలో తల్లికి నేర్పుతుంది. అక్కడ నేర్పే పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే వారానికి గంట థెరపీ కన్నా రోజంతా పక్కనుండే తల్లే అసలు గురువు. అన్నం పెడుతూ పేర్లు చెప్పడం, బొమ్మ కాస్త దూరంగా పెట్టి పాకి తెచ్చుకోనివ్వడం, ఫోన్ చేతికివ్వకుండా ముఖాముఖి మాట్లాడటం. మీరు అన్నం తినేటప్పుడు కార్టూన్ పెడుతున్నామని రాశారు, ఈ రోజు నుంచే మానేయండి. బాబు గొడవ చేస్తాడు, నాలుగు రోజులు ఓర్చుకోండి.

డబ్బు ఎక్కడ పోగొట్టుకోకూడదో కూడా చెబుతాను. మెదడుకి బలం అని రాసే సిరప్‌లతో ఏ బిడ్డకీ మాట రాదు. వస అరగదీసి నాలికకి రాస్తే మాటలొస్తాయని అమ్మమ్మలు ఇప్పటికీ నమ్ముతారు. దాంతో మాట రాదు, ఎక్కువైతే వాంతులవుతాయి. ఊరూపేరూ లేని భస్మాల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది, సీసమే బుద్ధిని తగ్గించే విషం. లక్షలు పోసి స్టెమ్ సెల్ చికిత్స చేయించమని ఎవరైనా చెబితే వద్దనండి. ఎదుగుదల లోపాలకి అది నిరూపణ కాలేదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి వాటికి దాన్ని పరిశోధనలో భాగంగా తప్ప వాడకూడదు, పరిశోధనలో పాల్గొనేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు.

చివరిగా రెండో బిడ్డ. బాబు కారణం తేలకముందే తొందరపడొద్దు. ఇప్పుడు కారణం తెలుసుకుంటే అప్పుడు మీ చేతిలో ఏం ఉంటుందో తెలుస్తుంది. జన్యు లోపం ఫలానా అని తేలితే, గర్భం వచ్చాక 11 నుంచి 13 వారాల మధ్య గానీ, 16 వారాలు దాటాక ఉమ్మనీటితో గానీ పరీక్ష చేయవచ్చు. అది తేలకుండా గర్భంలో ఏం వెతకాలో ఎవరికీ తెలియదు. థైరాయిడే కారణమైతే అంత దూరం వెళ్లాల్సిన పనే లేదు. ఎక్కువమంది పిల్లల్లో గ్రంథి సరిగ్గా ఏర్పడకపోవడమే కారణం, అది మళ్లీ రావడం అరుదు. గ్రంథి ఉండి హార్మోన్ తయారుకాని రకం అయితే అది మేనరికంలో కనిపించేదే, నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఏ రకమైనా చేయాల్సింది ఒకటే. మీ థైరాయిడ్ గర్భానికి ముందే చూపించుకోండి, ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే వేసుకోండి. కాన్పుకి ఏ ఆసుపత్రికి వెళ్తారో అక్కడ ముందుగానే చెప్పి, పుట్టిన మూడో రోజు బిడ్డ మడమ రక్తం తీయించండి. రిపోర్టు రాకుండా డిశ్చార్జి చేస్తే ఫోన్ నంబరు ఇచ్చి రండి, వాళ్లు ఫోన్ చేయకపోతే మీరే చేసి అడగండి. లోపం ఉందని తెలిస్తే రెండు వారాల్లోపు మాత్ర మొదలవ్వాలి.

బాబు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, హిమోగ్లోబిన్, బీ12 విలువలు, తల చుట్టుకొలత వచ్చాక రాయండి. టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఉంటే నా జవాబు కోసం ఆగకండి, ఆ రిపోర్టుతో అదే రోజు దగ్గర్లోని పిల్లల డాక్టరు దగ్గరకి వెళ్లండి.